ఒకే కాలవ కింద రెండు వడ్డీలు

వర్ధమాన దేశాల్లో ఆదాయాల అంతరం ఎందుకు పెరుగుతోందంటే చదువు, నైపుణ్యం, టెక్నాలజీ అంటూ జాబితా చదవడం ఆర్థికవేత్తలకు అలవాటు. పెన్నా డెల్టాలో గట్టుకు అటొకరు ఇటొకరు వరి వేసే ఇద్దరికి ఆ జాబితా పనికిరాదు. అదే చదువు, అదే సోమశిల నీళ్లు, అదే విత్తనం. ఒకరి పేరు పాస్‌బుక్కులో ఉంది, రెండోవారిది కౌలు కయ్య. అంతే తేడా.

లెక్క వేద్దాం. పట్టాదారుకు మూడు లక్షల దాకా పంట రుణం 7 శాతానికి వస్తుంది. గడువులో కడితే 3 శాతం రాయితీ పోను పడేది 4. కౌలుదారుకు బయట నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. లక్ష రూపాయలు ఆరు నెలలు వాడితే ఆయనకు రెండు వేలు, ఈయనకు పన్నెండు వేలు. పైరుకు దోమ పట్టలేదు, తుపాను రాలేదు. అయినా పది వేలు ఎగిరిపోయాయి. కౌలు వేరే.

వడ్డీతో పోతే సర్దుకోవచ్చు. అసలు దెబ్బ కాటా దగ్గర. మిషన్ కోసిన వడ్లలో నెమ్ము ఎక్కువ; ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాటకూడదు. పట్టలు పరిచి, పొద్దంతా తిరగదోసి, సాయంత్రానికి కుప్ప చేసి కప్పాలి. మబ్బు పట్టిందా, మళ్లీ మొదటికే. కూలీలు, గోతాలు సరే, ముందు ఆగే స్తోమతు ఉండాలి. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, మన 850 కిలోల పుట్టికి 20,136. అప్పిచ్చినవారే వడ్లు కొనేవారైతే ఆ ధర మాటే రాదు. పచ్చి వడ్లే కాటా ఎక్కుతాయి. నెమ్ము, తాలు పేరిట పుట్టికి 50 కిలోలు తరుగు తీశారనుకోండి, మద్దతు ధర లెక్కనే దాదాపు 1,185 రూపాయలు పోయినట్టు. ధర తెగ్గోయడం ఆ తర్వాతి ముచ్చట.

వృద్ధి జరగనివ్వండి, అంతరం దానంతటదే తగ్గుతుందంటారు కొందరు. 1955లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ చేసిన ప్రతిపాదన వాళ్లకు అండ. ఆయనే అందులో ఊహ పాలు ఎక్కువని ఒప్పుకున్నారు. తైవాన్ అలా కూర్చోలేదు. 1949లోనే కౌలు ప్రధాన పంట దిగుబడిలో 37.5 శాతం దాటకూడదంది, 1953లో దున్నేవారికి భూమి పంచింది. పరిశ్రమలు ఊపందుకున్నది ఆ తర్వాతే. అక్కడి పాలకులకు స్థానిక భూస్వాములతో చుట్టరికాలు లేకపోవడం కలిసొచ్చిందనుకోండి. మన సంగతి తెలిసిందే.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టం, కౌలుదారు బ్యాంకు రుణానికి చూపే కౌలు కార్డుకు యజమాని ఒప్పుదల అడగలేదు. 2019 చట్టం 11 నెలల కార్డుకు ఆయన సంతకం తప్పనిసరి చేసింది. హక్కు పంట మీదే, భూమి మీద కాదని చట్టం ఎంత చెప్పినా యజమానికి సంతకానికి చెయ్యి రాదు. ఒకవేళ పెట్టినా, అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు రెండోసారి ఇవ్వదు. పంట వేయని మనిషికి పంట రుణం! ప్రభుత్వ పంటల నమోదైన ఈ-పంటలో సాగుదారుగా ఎవరి పేరుందో చూసి ఆ పేరు మీదే రుణం ఇవ్వాలి. యజమానికి డబ్బు కావాలంటే భూమి తాకట్టు మీద మామూలు వడ్డీకి తెచ్చుకోవచ్చు, ఆ 4 శాతం ఆయన కోసం పెట్టింది కాదు.