గోడకు ప్యాచ్ వర్క్

మా మావయ్య గారు రోడ్ల శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు జిల్లాలో ఆయన పూడ్పించిన గుంతలకు లెక్కలేదు. వాటిలో ఇంకా పూడి ఉన్నవెన్ని అని మాత్రం అడగకూడదు. అల్లుడి హోదాలో ఉన్నవాడు అసలే అడగకూడదు.

అలాంటి మనిషి వేసవికి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా ఇంటికి వచ్చారు. వస్తూ వస్తూ వెంకటేశ్వర స్వామి పటం తెచ్చారు. టేకు ఫ్రేము, దళసరి అద్దం, వెనకాల చెక్క. విమానం వాళ్లు పెట్టెకు 23 కిలోలు ఇస్తే అందులో సింహభాగం స్వామివారికే పోయింది, ఆవకాయ మిగిలిన సందులో సర్దుకుంది. నేను పైన గదిలో ఆఫీసు కాల్‌లో ఉండగా హాల్లో మేకు కొట్టి పటం తగిలించేశారు.

"ఒక్క దెబ్బకే దిగింది అల్లుడు గారూ. మంచి గోడ!" అని మెచ్చుకున్నారు కూడా.

ఒక్క దెబ్బకే దిగడం గోడ మంచితనం కాదు. ఇక్కడి ఇళ్లలో నిలువు కర్రలు 16 అంగుళాలకొకటి నిలబెట్టి, వాటికి అర అంగుళం మందం జిప్సం పలకలు స్క్రూలతో బిగిస్తారు. మధ్యలో జిప్సం, రెండు వైపులా దళసరి కాగితం. గోడంటే అంతే. మన దగ్గర ఇదే సరుకును ఫాల్స్ సీలింగ్ పేరుతో నెత్తిమీద పెట్టుకుంటాం, ఇక్కడ నాలుగు పక్కలా పెట్టుకున్నారు. మేకు కర్రలో దిగితే పటం కదలదు. రెండు కర్రల మధ్య దిగితే దేవుడి మీద భారం వేసినట్టే. ఇక్కడ ఆ భారం కూడా దేవుడే. 1894లో అగస్టీన్ సాకెట్ అనే ఆయన ఇలాంటి పలకకు పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్లు గబగబా లేపాల్సి వచ్చేసరికి అమెరికా అంతా ఇవే గోడలయ్యాయి. టేకు పటాలతో దిగే మావయ్యల సంగతి పాపం ఆ సాకెట్‌కు తెలియదు.

అర్ధరాత్రి దబ్బున చప్పుడైంది. అందరం పరిగెత్తుకొచ్చి లైటు వేస్తే, ఏడుకొండలవాడు సోఫాలో రంగనాథ స్వామిలా పవళించి ఉన్నారు. అద్దానికి గీత కూడా పడలేదు. గోడకు మాత్రం అరచెయ్యంత బొక్క. మావయ్య గారు ఫోను టార్చి వేసి అందులోకి తొంగిచూశారు. చెయ్యి పెట్టి తడిమారు. ముఖం గంభీరమైంది.

"లోపల ఏమీ లేదండీ. మీ కాంట్రాక్టరు ఇటుకలన్నీ మింగేశాడు."

పొద్దున పనివాణ్ణి పిలిస్తే వందల డాలర్లవుతుందని విని, దాన్ని రూపాయల్లోకి మార్చుకుని, "ప్యాచ్ వర్కే కదా, మనమే చేద్దాం" అని తేల్చేశారు. సామాన్ల కొట్లో మడ్ దగ్గర పేచీ వచ్చింది. మడ్ అంటే పలకల అతుకుల మీద పూసే ముద్ద, మన లప్పానికి అన్నదమ్ముల వరస. నేను చిన్న డబ్బా తీశాను. ఆయన రేట్ ఎనాలిసిస్ చేసి, నాలుగున్నర గాలన్ల బకెట్టు అయితేనే గిట్టుబాటు అన్నారు. అది మోసేటప్పుడు నా నడుము రేటు మాత్రం ఏ ఎనాలిసిస్‌లోనూ రాలేదు.

అరచెయ్యంత బొక్కకు ప్యాచ్ వేయాలంటే ముందు దాన్ని పెద్దది చేసి నలుచదరంగా కోయాలి. ఈ మాట చెప్పడానికి నేను భయపడ్డాను గానీ ఆయన ఎగిరి గంతేశారు.

"అదే కదండీ పద్ధతి! గుంతను ముందు చదరంగా చెక్కాలి, అంచులు నిటారుగా ఉండాలి, దుమ్ము ఊడ్చాలి, తారు పూయాలి. అప్పుడే కంకర."

"చెక్కేవాళ్లా మావయ్య గారూ?"

"మా కోడ్ పుస్తకంలో ఉందండీ."

అక్కడితో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, రంపం నా చేతికి వచ్చింది. లోపల కరెంటు తీగలు లేవని చూసుకుని కోశాను. బొక్క వెనక ఒక చెక్క బద్ద అడ్డంగా పెట్టి స్క్రూలు వేసి, కొత్త ముక్కను దానికి బిగించి, అతుకుల మీద కాగితం టేపు అంటించాను. అందాకా బాగానే ఉంది. ఆయన మనవడి నోటుబుక్కులో పొడవు, వెడల్పు, మందం రాసుకున్నారు. చేసిన పని కొలతలు ఎక్కించే ఎం-బుక్ లేకుండా పనేమిటి అన్నారు.

గొడవంతా లప్పం దగ్గరే. దాన్ని పలచగా వేయాలి. ఆరడానికి ఒక రోజు వదిలి, దాని మీద ఇంకొంచెం వెడల్పు బ్లేడుతో రెండో పూత, ఆ పైన మరింత వెడల్పుగా మూడోది. అంచులు పోను పోను పలచబడి గోడలో కలిసిపోవాలి. మావయ్య గారు ఒప్పుకోలేదు.

"ఎత్తుగా వేయండి. మేం గుంత పూడిస్తే చుట్టూ ఉన్న రోడ్డు కంటే కాస్త ఎత్తు ఉంచేవాళ్లం. బళ్లు తిరిగితే అదే అణుగుతుంది."

"ఈ గోడ మీద బళ్లు తిరగవండీ."

"ముందు వేయండి, చూద్దాం."

పెద్దవాళ్ల మాట. వేశాను. ఆరాక హాలు గోడకు స్పీడ్ బ్రేకరు వచ్చింది. దాన్ని ఉప్పు కాగితంతో అరగదీస్తుంటే లేచిన తెల్లటి దుమ్ముకు పొగ అలారం కుయ్యోమని మొదలెట్టింది. మా ఆవిడ మేడ మీది నుంచి "అమ్మా, పోపు మాడుతోందా?" అని కేకేసింది. అత్తయ్య గారు వంటింటి గుమ్మంలో నిలబడి, "నేనింకా పొయ్యే వెలిగించలేదు, మీ నాన్న రోడ్డు వేస్తున్నారు" అన్నారు. దుమ్ము ఏసీలోంచి ఇల్లంతా తిరిగి పూజగదిలో కుంకుమ భరిణె మీద కూడా పేరుకుంది. ఉప్పు కాగితం బదులు తడి స్పాంజితో రుద్దితే ఇంత దుమ్ము లేవదు. ఆ సంగతి అలారం ఆపడానికి వచ్చిన పక్కింటాయన చెప్పాడు, చెప్పి మావిడికాయ పప్పు తిని వెళ్లాడు.

తర్వాత రంగు. గరాజ్‌లో బిల్డరు వదిలేసిన డబ్బా ఉంటే అదే వేశాం. డబ్బాలో రంగు అలాగే ఉంది, గోడ మీదిది ఇన్నేళ్లలో వెలిసింది. దాంతో ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేయాల్సి వచ్చింది. పైగా టెక్సస్‌లో చాలా ఇళ్ల గోడలు నున్నగా ఉండవు, నారింజ తొక్కలా సన్నగా గరుకు తేలి ఉంటాయి. ఆ గరుకు కూడా స్ప్రే డబ్బాలో అమ్ముతారు. డబ్బా ఎంతసేపు ఊపాలో దాని మీద రాశారు గానీ, తుంపర టీవీ మీద పడితే ఏం చేయాలో రాయలేదు.

ఎదురుగా నిలబడి చూస్తే ప్యాచ్ ఎక్కడుందో తెలియడం లేదు. మావయ్య గారు నోటుబుక్కులో తేదీ వేసి సంతకం పెట్టబోతుండగా మా ఆవిడ దిగివచ్చింది. ఏమీ మాట్లాడకుండా ఫోను టార్చి వెలిగించి గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు వేసింది. మిట్టలూ పల్లాలూ అన్నీ నీడలతో సహా లేచి నిలబడ్డాయి.

"ఏంటి నాన్నా ఇది?"

ఆయన పెన్ను మూత పెట్టి, రెండడుగులు వెనక్కి వేశారు.

"మాది పర్యవేక్షణ వరకేనమ్మా. పనంతా కాంట్రాక్టరుది" అని నా వైపు చూపించారు. "ఫైనల్ బిల్లు ఆపేసి మళ్లీ చేయించు."

ఆ సాయంత్రం హాల్లోకి కాఫీ ఒక్క గ్లాసే వచ్చింది.