తయారీదారు: యావత్ మానవజాతి

సాఫ్ట్‌వేర్‌ని కట్టే సీమేక్‌తో పాటు, కట్టినదాన్ని ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీగా మూటగట్టే సీప్యాక్ కూడా వస్తుంది. దానిది చాలా పెద్ద మనసు. వెండర్ ఎవరో మీరు చెప్పకపోతే గొడవ చేయదు, ‘హ్యుమానిటీ’ అని తనే రాసేసుకుంటుంది. అందుకే ఏ కంపెనీ వాళ్లో పంపిన ఆర్‌పీఎమ్ ఫైలు (రెడ్‌హ్యాట్, ఫెడోరా లాంటి లినక్స్‌ల ప్యాకేజీ) వివరాలు తెరిస్తే, తయారీదారు స్థానంలో మానవజాతి మొత్తం దర్శనమిస్తుంది.

ఎంత వినయం! ఎనిమిది వందల కోట్ల మంది కులమత భేదాలు మరచి ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని మూటగట్టారన్నమాట. అందులో మీరూ ఉన్నారు, రచ్చబండ మీద పేకాడుకునే బాబాయీ ఉన్నాడు. రేపది క్రాష్ అయితే ఆయన్నే అడగాలి.

‘ఏం బాబాయ్, ఈ సెగ్‌ఫాల్ట్ ఏంటి?’

‘వెర్షన్ ఎంతరా?’

‘0.1.1.’

‘అది మేం పెట్టింది కాదు. ఎవరూ చెప్పకపోతే సీప్యాక్ వేసుకునే అంకె. వివరణ చూడు.’

‘సీమేక్‌తో కట్టారని ఉంది.’

‘ఇంతమందిమి కలిసి కట్టాం, అంతకంటే ఏం రాస్తాంరా!’ అని ఆయన జోకర్ అందుకుంటాడు.

డెబియన్, ఉబుంటు లినక్స్‌ల ప్యాకేజీ అయిన డెబ్ దగ్గర మాత్రం సీప్యాక్ కాస్త మొండికేస్తుంది. మెయింటైనర్, అంటే ప్యాకేజీ బాధ్యుడు, ఎవరో చెప్పందే ఫైలు కట్టదు. మనవాళ్లు తక్కువ తిన్నారా? ‘అడ్మిన్ ఎట్ లోకల్‌హోస్ట్’ అని కొట్టేస్తారు.

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. ప్యాకేజీకి ఏ లైబ్రరీలు కావాలో చెప్పే డిపెండ్స్ లైను దగ్గర నాకు నవ్వు రాదు. ఆర్‌పీఎమ్‌కి కావలసిన లైబ్రరీలను ఆర్‌పీఎమ్‌బిల్డ్ తనే వెతికి రాస్తుంది. డెబ్‌కి ఆ వెతుకులాట సీప్యాక్‌లో డీఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేయడానికి ఒక్క లైను చాలు. ఆ లైను రాయరు. పెళ్లిచూపుల్లో ‘మావాడికి ఏ అలవాట్లూ లేవండీ’ అన్నట్టు, ప్యాకేజీ తనకేమీ అక్కర్లేదంటుంది. ఇన్‌స్టాల్ చేసే ఏపీటీ పాపం నమ్ముతుంది. ఉబుంటు 22.04లో, అంటే గ్లిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ) 2.35 మీద కట్టింది, గ్లిబ్‌సీ 2.31 ఉన్న 20.04లోకి నిక్షేపంగా దిగిపోతుంది. నడపబోతే చస్తుంది. డిపెండ్స్‌లో ఆ వెర్షన్ రాసి ఉంటే ఏపీటీ గుమ్మంలోనే ఆపేది!

సుడో అడిగి, రూట్ అనే సర్వాధికారి హోదాలో ఒకరి సర్వర్‌లోకి దూరే ఫైలు ఇది. అర్ధరాత్రి దాని ముందు కూర్చుని తిట్లు తినేవాడు వేరే ఎవడో. డెబియన్‌లో జీతం లేని వలంటీర్లు ప్యాకేజీలని తనిఖీ చేసే లింటియన్ చూపించిన తప్పుల్ని ఓపిగ్గా సరిదిద్దుకుంటారు. లైసెన్సుకి డబ్బు గుంజే మీరు ఒక ఖాళీ కంటైనర్‌లో, అంటే ఏ అదనపు లైబ్రరీలూ లేని తాజా లినక్స్‌లో, ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసి చూడలేరా? సిగ్గు లేదా? సపోర్ట్‌కి రాస్తే ‘మా దగ్గర పనిచేస్తోంది’ అంటారు. చేయక ఏం చేస్తుంది? మీరు చూసింది కట్టిన మెషీన్‌లోనే, లైబ్రరీలన్నీ అక్కడే ఉన్నాయి కదా నాయనా!