మాస్కు చాటు చిన్నాన్న

తెగేదాకా లాగొద్దని పెద్దలు చెప్పారు గానీ, తెగినాక ఏం చేయాలో చెప్పలేదు. పాపం, వాళ్లకు ఫోటోషాప్ రాదు. ఆ కొరత కడపలో, ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక ఫ్లెక్సీ షాపు పిల్లోడు తీర్చాడు.

మా గృహప్రవేశానికి 10కి 6 ఫ్లెక్సీ. వెనక గండికోట లోయ, పైన దేవుడు, కుడిపక్క మా నాయన, కింద బామ్మర్దులూ పిల్లలూ. చిక్కంతా నాయనతోనే. ఆయన నవ్విన ఫోటో ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అందులో పక్కన చిన్నాన్న, నాయన భుజమ్మీద చెయ్యేసి. పొలం గట్టు తగాదా వచ్చి మూడేళ్లయింది, మాటల్లేవు.

"చిన్నాన్నను తీసెయ్ అబ్బీ."

"తీసేస్తే మళ్లీ కావాలన్నప్పుడు దొరకడు సార్. మాస్క్ వేద్దాం."

ఫోటోషాప్‌లో ఒక్కో బొమ్మ ఒక్కో పొర మీద ఉంటుంది, దాన్నే లేయర్ అంటారు. ఆ ఫోటో లేయర్ పక్కన తెల్లటి చిన్న డబ్బా పుట్టింది, అదే మాస్కు. అందులో నలుపు పూస్తే మనిషి మాయం, తెలుపు పూస్తే ప్రత్యక్షం. అసలు ఫోటోకు చీమ కుట్టినంత నష్టం లేదు. కీబోర్డులో ఎక్స్ నొక్కితే చాలు, బ్రష్ నలుపు నుంచి తెలుపుకు తిరుగుతుంది. ఇంత తేలిగ్గా రాజీ కుదిర్చే మీట నేను ఏ పంచాయితీలోనూ చూడలేదు.

మాస్కులో రంగుకు అంకెలుంటాయి: సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు. 128 దగ్గర మనిషి సగమే ఉంటాడు, ఒంట్లోంచి లోయ కనిపిస్తుంది. పెళ్లికొచ్చి అన్నం తినకుండా పోయే మేనమామలకు ఇదే తగిన అంకె అని నా నిశ్చితాభిప్రాయం. ఈ విద్యలో నాయకులు మనకంటే ముందున్నారు. పార్టీ మారినోళ్లను డిలీట్ చేయించరట, ఎన్నికల దాకా నలుపులో ఉంచుతారట. ఫైలు మాత్రం, లేయర్లన్నీ విడివిడిగా ఉండే పీఎస్‌డీగానే దాచాలి. అన్నీ అతికి ఒకే బొమ్మయిపోయే జేపీజీ ఒక్కటే మిగిలిందా, పోయినోడు పోయినట్టే.

ఫోటోషాప్‌కు లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు మా ఇంట్లో గిట్టనివాళ్ల మొహం మీద బాల్‌పెన్నుతో గీసేవాళ్లు. తర్వాత అందరూ కలిసిపోయినా గీతలు పోలేదు. మా మేనత్త ఇప్పటికీ వాటి వెనక నుంచే నవ్వుతోంది.

పిల్లోడు నాయన నడుము కింద మాస్కులో గ్రేడియంట్, అంటే తెలుపు నుంచి నలుపుకు మెల్లగా దిగే పూత, లాగాడు. పంచె మెల్లగా లోయలోని పెన్నా నదిలో కలిసిపోయింది.

"మనిషి గాల్లో తేలుతున్నట్టుందే?"

"బ్లెండింగ్ సార్."

శాస్త్రం కాబట్టి ఎదురు చెప్పలేదు.

చిన్నాన్న మొహం, ఒళ్లు సులువుగానే పోయాయి. చెయ్యే పోలేదు. మెత్తటి బ్రష్‌తో పూస్తే నాయన భుజం కూడా కరిగిపోతోంది, గట్టి బ్రష్‌తో పూస్తే కొడవలితో కోసినట్టుంది. అవతల పురోహితుడు ఫోన్ మీద ఫోన్. "వదిలెయ్, ఎవరు చూస్తారు" అన్నా.

తెల్లారేసరికి ఫ్లెక్సీ మా వీధి మొదట్లో లేచింది. నాయన భుజమ్మీద నాలుగు వేళ్లు, పచ్చరాయి ఉంగరంతో సహా. చిన్నాన్న పొద్దున్నుంచీ ఎదురు టీకొట్టులోనే ఉన్నాడట. వచ్చేపోయేవాళ్లకు ఉంగరం చూపించి, ఆ చెయ్యి తనదేనని చెబుతున్నాడట.