అల్లుడుగారి కూతకర్ర

మెటల్ డిటెక్టర్ కొన్నవాడు మొట్టమొదట చేసే పని దాన్ని హాల్లోనే ఆన్ చెయ్యడం. డాలస్ శివార్లలో కాపురముంటున్న అల్లుడుగారూ అదే చేశారు. అట్టపెట్టె విప్పి, గొట్టాలు బిగించి, నాలుగు ఏఏ బ్యాటరీలు వేసి, కర్ర కొసన పళ్లెంలా ఉండే కాయిల్‌ని టైల్స్ మీదికి దించారో లేదో అది గావుకేక పెట్టింది. సోఫా పక్కన కేక, పూజగది గుమ్మంలో కేక, డైనింగ్ టేబుల్ కింద ఒకటి కాదు, రెండు.

"ఇంటి కింద ఏదో ఉంది మావయ్యగారూ" అన్నారు గొంతు తగ్గించి.

ఆర్నెల్ల వీసా మీద వచ్చి, మూడో నెలకే చూడ్డానికేమీ మిగలక ఫోనులో రాజకీయాలు వింటున్న మావయ్యగారు ఒక్క ఉదుటున లేచారు.

ఉన్నమాట నిజమే. ఉన్నది ఉక్కు. అక్కడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే రకం. అందుకని కొత్త ఇళ్లు చాలావాటికి కాంక్రీటు పలక పోసి, అది గట్టిపడ్డాక లోపల పరిచిన ఉక్కు తాళ్లను లాగి బిగిస్తారు. ఇంట్లో కాయిల్ దించితే చాలాచోట్ల ఆ తాళ్లే పలుకుతాయి. వాటికి తోడు గోడల్లో కరెంటు తీగలు, వైఫై పెట్టె, ఎల్‌ఈడీ దీపాలు. ఈ యంత్రాన్ని పరీక్షించడానికి ఇంటికన్నా అధ్వాన్నమైన చోటు ఇనుప సామాన్ల కొట్టు ఒక్కటే. పెరట్లోకి పోవాలి, ఉంగరం గడియారం తీసెయ్యాలి, ఫోను వరండాలో వదిలెయ్యాలి. పెట్టెలో ఉన్న చిన్న పుస్తకంలో ఇవన్నీ ఉంటాయి. పెట్టెతోపాటు అదీ చెత్తబుట్టలోకి పోయింది.

కొన్నది గారెట్ ఏస్ 300. ఆ కంపెనీ ఉండేది పక్కనే గార్లండ్‌లో, కాబట్టి "మన ఊరి సరుకే" అని అల్లుడుగారి ధీమా. నేర్చుకునేవాళ్లకు మంచి యంత్రమే. 7 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు ఉన్న ఆ కాయిల్ లోపల తీగచుట్టలుంటాయి. ఒక చుట్ట సెకనుకు 8 వేల సార్లు అటూ ఇటూ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. అక్కడ లోహం ఉంటే అందులో చిన్న చిన్న కరెంటు సుడులు పుడతాయి. ఆ సుడుల జవాబు ఎంత బలంగా, ఎంత ఆలస్యంగా వచ్చిందో ఇంకో చుట్ట పసిగడుతుంది. దాన్నిబట్టి తెరమీద 0 నుంచి 99 లోపు ఒక అంకె పడుతుంది. ఆ అంకె లోహం పేరు కాదు. వస్తువు ఏ లోహం, ఎంత సైజు, ఎంత మందం, ఎలా పడుకుని ఉంది, అన్నీ కలిపి ఉడికించిన పులుసు అది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి అల్లుడుగారికి మూడు వారాలు, ముప్ఫై గోతులు పట్టాయి.

బిగింపు దగ్గరే మొదటి తిరకాసు. అంతా అయ్యాక నల్ల రబ్బరు వాషర్లు రెండు మిగిలాయి. "ఎక్‌స్ట్రా ఇచ్చినట్టున్నాడు" అని సొరుగులో పడేశారు. అవి కాయిల్ చెవులకూ కింది గొట్టానికీ మధ్య ఉండాల్సినవి. అవి లేకపోతే కాయిల్ నిద్రొచ్చినవాడి తలలా ముందుకు వాలిపోతుంది. వాలకుండా మరను పటకారుతో బిగిస్తే ప్లాస్టిక్ చెవి చిట్లుతుంది. చేత్తో బిగించేంత బిగువు చాలు. ఇక కాయిల్ తీగ. దాన్ని గొట్టం చుట్టూ ఒద్దికగా చుట్టుకుంటూ పైకి తేవాలి, కాయిల్ దగ్గర మాత్రం అది వంగడానికి సరిపడా కాస్త వదులుంచాలి. వేలాడే తీగ కాయిల్ ముందు ఊగిందంటే యంత్రానికి అదీ లోహమే. ఊపుకొకసారి కూస్తుంది.

పెరట్లోకి దిగగానే సెన్సిటివిటీని, అంటే ఎంత చిన్న అలికిడికి కూయాలో చెప్పే అమరికని, ఎనిమిదికి ఎనిమిది గీతలూ పెట్టారు. డబ్బు పెట్టి కొన్నాక తక్కువలో ఎందుకు వాడాలని తర్కం. అది టీవీ సౌండు కాదు. ఏసీ కంప్రెసరు గొణుగుడు, పక్కింటి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె సొద, మట్టిలోని ఖనిజాల సణుగుడు, అన్నీ పెద్దవైపోతాయి. కర్రని కదపకుండా గాల్లో పట్టుకున్నా కూస్తోందంటే రెండు గీతలు తగ్గించాలి. ఇంకా కూస్తే ఇంకోటి. తగ్గించినందుకు పోయే లోతు అంగుళమో రెండో. ఎలాగూ ఈ తరగతి యంత్రం పావు డాలరు బిళ్లను అయిదారు అంగుళాల లోతులో నికరంగా చూస్తే గొప్పే. "పది అడుగుల లోతు లంకెబిందెలు" అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూసి కొన్నవాళ్లు ఇక్కడ కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగొచ్చు.

తరవాత ఊపు. అల్లుడుగారు మధ్యలో గడ్డికి ఆనించి, రెండు చివర్లా మోకాలెత్తుకు లేపుతూ తిప్పుతుంటే వంటింటి కిటికీలోంచి అత్తయ్యగారు చూశారు. "మీ ఆయనేంటే, కళ్లాపి చల్లుతున్నారు?" అని కూతుర్ని అడిగారు. సరిగ్గా పట్టుకున్నారావిడ. కళ్లాపి చల్లినట్టు కాదు, అలికినట్టు తిప్పాలి. చివరిదాకా అదే ఎత్తు, నేలకు అంగుళం పైన, ఒక చెయ్యి అలికినమీద సగం కప్పుతూ ఇంకో చెయ్యి. చివర్లో ఎనిమిది అంగుళాలు లేస్తే ఆ ఎనిమిదీ లోతులోంచి కోసుకున్నట్టే. కదలనే కూడదనుకోవడమూ తప్పే. ఒకచోట ఆపి పట్టుకుంటే మామూలు మోడ్‌లో ఈ యంత్రం మౌనవ్రతం పడుతుంది. కదలికలోనే దానికి చూపు.

అలికే పద్ధతి కుదిరాక కొత్త వింత మొదలైంది. కుడికాలు ముందుకు పడ్డప్పుడల్లా కూత. ఎడమకాలికీ కూత. పదడుగులకు పది. ఈ పని కోసమని ప్రత్యేకంగా కొన్న బూట్ల ముక్కులో ఉక్కు తొడుగు ఉంది మరి. మావయ్యగారు తన రబ్బరు చెప్పులు విడిచిచ్చారు. గొడవ సద్దుమణిగింది.

మొదటి గొయ్యి గురించి ఎంత చెప్పినా తక్కువే. తెరమీద 80 పైన అంకె, గుడిగంటలాంటి కూత. ఈ యంత్రం వెండికీ రాగికీ అలా మోగుతుంది. అల్లుడుగారు తోటపని పార తెచ్చి, కొబ్బరిమొక్క పాతేంత గొయ్యి తీశారు. నేల ఎండి ఉంది. పార దిగదు, దిగితే రాదు. మావయ్యగారు ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని, నలిపి, వాసన చూసి నవ్వారు. "ఇది మన పత్తి చేనే బాబూ. వానొస్తే బంక, ఎండితే బండ." ఆయన మాటలో అతిశయోక్తి లేదు. గుంటూరు వైపు నల్లరేగడీ, డాలస్ చుట్టుపక్కల నల్లమట్టీ నేలల శాస్త్రంలో ఒకే కులం. వాన వెలిసిన రెండో రోజో మూడో రోజో తవ్వాలన్న ఆయన సేద్యపు లెక్క ఇక్కడా అక్షరాలా పనిచేస్తుంది.

ఆ గంటలో తేడా ఒకటుంది. నాణెమైతే కాయిల్‌ని ఉత్తర దక్షిణాలుగా తిప్పినా, తూర్పు పడమరలుగా తిప్పినా ఒకేచోట మోగి ఆగుతుంది. ఇది మోగుతూ మోగుతూ కంచెదాకా గీతలా సాగింది. అలా సాగితే అది తీగో గొట్టమో అని అర్థం. అల్లుడుగారు మాత్రం వరసగా పాతిపెట్టారని అర్థం చేసుకున్నారు. పార నాలుగో పోటుకు రంగురంగుల సన్నని రాగితీగల కట్ట ఒకటి తెగి పైకొచ్చింది. గడ్డికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ల వాల్వులకు పోయే తీగ అది. అందులో పారేది 24 వోల్టులే కాబట్టి మనిషికేమీ కాలేదు. ఆ తీగ మీద నీళ్లందుకునే నాలుగో జోన్ గడ్డికే అయింది. ఏ రంగు తీగకు ఆ రంగు కలిపి, లోపల జిగురుజెల్లీ నింపిన వాటర్‌ప్రూఫ్ టోపీలు తొడిగి పూడ్చాల్సి వచ్చింది. అమెరికాలో తవ్వేముందు 811కి ఫోన్ చేస్తే ఉచితంగా వచ్చి గుర్తులు పెడతారు. కానీ ఆ గుర్తులు గ్యాసు, కరెంటు కంపెనీల లైన్లకే. మన స్ప్రింక్లరు మన ఖర్మ.

ఆ తర్వాత ఇంట్లో పార వాడకం నిషేధించారు. నిజానికి అక్కర్లేదు కూడా. పిన్‌పాయింట్ బటన్ నొక్కిపట్టి, కూత బాగా గట్టిగా ఉన్నచోట నిలువూ అడ్డమూ జరిపి చూస్తే రెండు గీతలు కలిసే చోట వస్తువు ఉంటుంది. దాని చుట్టూ చేతిపారతో గుర్రపు నాడా ఆకారంలో మూడు వైపులా, నాలుగంగుళాల లోతు కొయ్యాలి. నాలుగోవైపు వేళ్లు తెగకుండా ఉంచి, గడ్డిని డబ్బామూతలా తిరగెయ్యాలి. ముందు ఆ మూతకు అంటుకున్న మట్టిలో వెతకాలి, అది సగంసార్లు అక్కడే ఉంటుంది. తీసిన మట్టి గడ్డిలో పోస్తే మళ్లీ పోగవదు. పాత తువ్వాలు పరిచి దానిమీద పొయ్యాలి. అయ్యాక మట్టి, మూత, కాలితో ఒక తొక్కు, చెంబెడు నీళ్లు.

ఇలా పద్ధతిగా తీసిన మొదటి గోతి దగ్గరే అసలు నాటకం నడిచింది. అంకె 58. గడ్డి తిరగేశారు, మట్టి తువ్వాలు మీద పోశారు. వస్తువు మట్టి రంగులో ఉంటే కంటికి ఆనదు. గుప్పెడు గుప్పెడు తీసి కాయిల్ మీదుగా పోనిచ్చి, కూసిన గుప్పెట్లో వెతకడం పాత కిటుకు. అల్లుడుగారు గుప్పెడు తీసి కాయిల్ మీద తిప్పారు. కుయ్. ఆనందం పట్టలేక సగం మట్టి కింద పోశారు. మిగిలిన సగం తిప్పారు. కుయ్. అందులో సగం పోశారు. కుయ్. చిటికెడు మిగిలింది. కుయ్. మావయ్యగారు కళ్లజోడు సర్దుకుని వంగారు. చిటికెడూ దులిపేసి, ఖాళీ అరచెయ్యి కాయిల్ మీద ఆడించారు. కుయ్.

"చేతిలో ఏముంది బాబూ?"

"ఏం లేదండీ."

"వేలికి?"

పెళ్లిలో ఆయనే పెట్టిన ఇరవై రెండు క్యారెట్ల ఉంగరం. సబ్బు రాసినా ఊడడం లేదని ఉంచేసుకున్నారట. తీరా తువ్వాలు మీది మట్టిలో దొరికింది కూల్‌డ్రింక్ డబ్బా పైన పట్టుకు లాగే అల్యూమినియం నాలిక. కాయిల్ మీద తిప్పితే 58. ఉంగరం తిప్పితే 57. ఎడమచేత్తో ఒకటి, కుడిచేత్తో ఒకటి, పది నిమిషాలు మార్చి మార్చి తిప్పారు. యంత్రం రెంటినీ ఒక్క కంటితోనే చూసింది.

ఇది యంత్రం లోపం కాదు. సన్నటి బంగారపు ఉంగరం ఇచ్చే జవాబూ, అంతే సైజు అల్యూమినియం ముక్క ఇచ్చే జవాబూ ఒకేలా ఉంటాయి. కొత్తవాళ్లు డబ్బా నాలికలతో విసిగి, యాభైలు అరవైలు మొత్తం వినబడకుండా నొక్కేస్తారు. దాంతో చెత్త పోతుంది, చెత్తతోపాటు బంగారమూ పోతుంది. దాదాపు 52 దగ్గర పలికే అయిదు సెంట్ల నికెల్ బిళ్లా పోతుంది. అందులో ముప్పాతిక వంతు రాగే ఉన్నా, కలిసిన పావు వంతు నికెల్ దాని అంకెను దించేస్తుంది. ఉంగరం కావాలా, నాలికలు ఏరాలి. వేరే దారి లేదు. ఆ నెలలో అల్లుడుగారి సీసాలో చేరినవి నాలికలు నూటపధ్నాలుగు, ఉంగరాలు సున్నా.

మావయ్యగారు జేబులోంచి మన రూపాయి తీసి గడ్డిలో వేశారు. నాణేల మోడ్‌లో ఉన్న యంత్రం దానిమీదుగా నిశ్శబ్దంగా వెళ్లిపోయింది. ఆయన మనసు చివుక్కుమంది. 1992 నుంచి మన రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలు. డిటెక్టర్ లెక్కలో అది మేకు చుట్టం, ఇనుముతోపాటు దాన్నీ పక్కన పెట్టేస్తుంది.

"మా ఊరి కోటగోడ దగ్గర ఒక్కసారి తిప్పాలి దీన్ని" అన్నారాయన ఆ రాత్రి అన్నాల దగ్గర. అమ్మాయి గరిటె కింద పెట్టి మరీ వద్దంది. ఆమెదే సరైన మాట. మన దగ్గర 1878 నాటి నిధుల చట్టం ఇంకా బతికే ఉంది. నేలలో దాగినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాసి తెలియజెయ్యాలి. రక్షిత కట్టడాల దగ్గర తవ్వితే అది వేరే కేసు. గుప్తనిధుల పేరు చెప్పి అర్ధరాత్రి గునపాలతో దొరికినవాళ్ల ఫొటోలు జిల్లా పేజీల్లో పడుతూనే ఉంటాయి. అమెరికాలోనూ ఇష్టారాజ్యం కాదు. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడడమే నేరం. ఫెడరల్ భూముల్లో నూరేళ్లు దాటిన పురావస్తువులకు 1979 చట్టం కాపలా ఉంది. ఊరి పార్కులకు ఏ ఊరి రూలు ఆ ఊరిదే, ముందు అడగాలి. అన్నిటికన్నా సుఖమైనది తెలిసినవాళ్ల పాత ఇంటి పెరడు, అదీ వాళ్ల అనుమతితో.

ఆఫీసు స్నేహితుడొకాయన అలాంటి పాత ఇల్లు కొన్నాడు. ఒక శనివారం, వాన పడ్డ మూడో రోజు, రబ్బరు చెప్పులతో, ఎట్టకేలకు ఊడిన ఉంగరం లేకుండా, సెన్సిటివిటీ అయిదు గీతల మీద అల్లుడుగారు అలికారు. చెట్టు కింద అయిదంగుళాల లోతులో గంట మోగింది. ఎటునుంచి తిప్పినా అక్కడే. నాడా కోత, మూత, తువ్వాలు. దొరికింది ఒక సెంటు. వెనకవైపు రెండు గోధుమ వెన్నులు. 1909 నుంచి 1958 దాకా వచ్చిన రకం. ముందువైపు లింకన్ బొమ్మ, 1951. ఒళ్లంతా ముదురు గోధుమరంగు, అంచున లేత పచ్చ. ఆ రంగు రావడానికి డెబ్భై ఏళ్లు పట్టింది. సేకరించేవాళ్లు చూసేది దాన్నే. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మట్టి వదిలించాలి తప్ప రుద్దకూడదు. అల్లుడుగారు చెప్పిందీ అదే, చేసిందీ అదే. చిన్న గిన్నెలో నీళ్లు పోసి, నాణెం వేసి, వంటింటి గట్టుమీద పెట్టి పడుకున్నారు.

పొద్దున లేచి చూస్తే గిన్నె బోర్లించి ఉంది. దీపపు కుందులు, రాగిచెంబు, హారతి పళ్లెం తోమి వరసగా ఆరబెట్టి ఉన్నాయి. చివర్న, కిటికీ ఎండలో గులాబీరంగులో ధగధగా మెరుస్తూ లింకన్ గారు.

"రాగిదే కదా అని దాన్నీ తోమేశాను నాయనా, ఒకటే కిలుం" అన్నారు అత్తయ్యగారు, చెయ్యి తుడుచుకుంటూ. "ఇంకా ఉంటే ఇలా పడెయ్యండి. చింతపండు మిగిలింది."