ఫోర్ వీల్ డ్రైవ్ బ్రేక్ వేయదు కదా!

పెద్ద రబ్బరు దిమ్మలుండే మడ్ టైర్లు (బురదదారుల కోసం చేసినవి) ఉంటే మంచులోనూ చాలని వ్యాసంలో రాశారు. అమెరికాలోని డెన్వర్‌లో నాలుగు చలికాలాలు జీప్ రాంగ్లర్ (ఫోర్ వీల్ డ్రైవ్ బండి) నడిపినవాడిగా ఒప్పుకోలేను. లోతైన మెత్తటి మంచులో అవి బాగానే లాగుతాయి. గడ్డకట్టిన రోడ్డు మీదే అసలు కథ. ఆ దిమ్మల మీద మంచును పట్టుకునే సన్నటి చీలికలు తక్కువ, పైగా 7 డిగ్రీల సెల్సియస్ కిందకు వెళ్తే మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది. మొదటి ఏడాది రెడ్ లైట్ దగ్గర బ్రేక్ తొక్కితే బండి నింపాదిగా జంక్షన్ మధ్యకెళ్లి ఆగింది (మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది!). టైరు పక్కన మూడు శిఖరాల కొండలో మంచురేకు గుర్తుందేమో చూడండి, అది మంచులో పరీక్ష నెగ్గిన టైరుకే ఉంటుంది. ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అక్షరాలకైతే మంచులో పరీక్షేమీ ఉండదు. ఇక్కడ ఐ-70 హైవే కొండదారిలో సెప్టెంబర్ నుంచి మే దాకా ఫోర్ వీల్ బండికైనా టైరు గాడి 3/16 అంగుళం ఉండాలి, లేదంటే టైర్లకు చుట్టే చైన్లు వెంట ఉంచుకోవాలి.