రాజప్రాసాదంలో తలల లెక్క

మలేసియాలో రాజుల అధికారాలకు మహతీర్ మొహమ్మద్ వేసినన్ని కత్తెరలు మరే ప్రధానీ వేయలేదు. రెండో విడత ఆయన పదవి మాత్రం ఆ కత్తెరకు అందకుండా మిగిలిపోయిన అధికారం దగ్గరే చేజారింది. 2025 జులై 10న నూరేళ్లు పూర్తి చేసుకున్న ఈ నేత గురించి ఎవరు రాసినా కౌలాలంపూర్ జంట శిఖరాలు, ప్రోటాన్ కారు, పుత్రజయ నగరం ప్రస్తావన తప్పదు. 1991లో ఆయన ప్రకటించిన ‘విజన్ 2020’ పేరు తెలుగువారికీ పరిచితమే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే పేరుతో తన పత్రం తెచ్చింది. మా దృష్టిలో ఈ కట్టడాలన్నిటికంటే పెద్ద పాఠం ఆయన ముట్టుకున్న, ముట్టుకోకుండా వదిలేసిన రాజ్యాంగ అధికరణల్లో ఉంది.

మలేసియాలోని 13 రాష్ట్రాల్లో తొమ్మిదింటికి వంశపారంపర్య పాలకులున్నారు. వారు రహస్య ఓటుతో తమలో ఒకరిని అయిదేళ్లకు దేశాధినేతగా ఎన్నుకుంటారు. ఆయనే అగోంగ్. దాదాపు అన్ని విషయాల్లోనూ మంత్రివర్గం సలహా మేరకే నడుచుకోవాలి. 40వ అధికరణ మాత్రం రెండు ముఖ్యమైన చోట్ల ఆయనకు సొంత విచక్షణ ఇచ్చింది. ఒకటి ప్రధానిని నియమించడం. రెండోది, పార్లమెంటు రద్దు కోరితే కాదనడం. దిగువ సభలో అధిక సంఖ్యాకుల విశ్వాసం పొందగలరని ‘తన అంచనాలో’ అనిపించిన సభ్యుణ్ని ప్రధానిగా నియమించాలని 43వ అధికరణ చెబుతుంది. ఆ అంచనాకు ఎలా రావాలో రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

మహతీర్‌కు ముందు ప్రధానులైన ముగ్గురూ రాజవంశీకులో, కులీన కుటుంబాలవారో. ఈయన కెడా రాష్ట్రంలోని అలోర్ సెటార్‌లో ఒక బడిపంతులు కొడుకు, వృత్తిరీత్యా వైద్యుడు. 1964లో పార్లమెంటుకు వెళ్లి, 1969లో ఓడి, నాటి ప్రధాని తుంకు అబ్దుల్ రహమాన్‌ను తప్పుపడుతూ రాసిన లేఖ బయటికి రావడంతో పాలక ఉమ్నో పార్టీ నుంచి బహిష్కృతుడయ్యారు. 1972లో తిరిగొచ్చి, 1981 జులై 16న ప్రధాని పీఠమెక్కారు.

రెండేళ్లు గడిచాక రాజులతో తొలి పోరు మొదలైంది. పార్లమెంటు ఆమోదించిన బిల్లుపై అగోంగ్ 15 రోజుల్లో సంతకం చేయకపోతే చేసినట్టే లెక్క. అత్యవసర పరిస్థితి ప్రకటించే అధికారం ఇకపై ప్రధానిదే. 1983 సవరణ సారాంశం ఇదీ. పాలకులు ససేమిరా అన్నారు. ప్రధాని ఊరూరా సభలు పెట్టి జనాన్ని కూడగట్టారు. ఏడాది చివరికి రాజీ కుదిరింది. గడువు 30 రోజులైంది, బిల్లును ఒకసారి కారణాలతో తిప్పి పంపే వీలు రాజుకు దక్కింది. అత్యవసర అధికారం తిరిగి రాజు చేతికే వెళ్లింది. 1994లో మరో సవరణతో ఆ తిప్పి పంపే వీలూ పోయింది. ఇప్పుడు 30 రోజులు గడిస్తే సంతకం లేకున్నా బిల్లు చట్టమవుతుంది.

1993 నాటి దెబ్బ ఇంకా గట్టిది. జొహోర్ సుల్తాన్ ఒక హాకీ శిక్షకుడిపై చేయి చేసుకున్నారన్న ఆరోపణ 1992 చివర్లో దుమారం రేపింది. తమ హక్కులకు సంబంధించిన చట్టం ఏదైనా పాలకుల సమావేశం సమ్మతి లేకుండా చెల్లదని 38వ అధికరణ చెబుతున్నా, మహతీర్ వెనక్కి తగ్గలేదు. రాజుల విలాసాల చిట్టా పత్రికల్లో వరుసగా వచ్చింది. చట్టంలో లేని రాయితీలను ప్రభుత్వం ఉపసంహరించింది. చివరికి పాలకులు దిగొచ్చారు. వ్యక్తిగత హోదాలో వారికున్న న్యాయ రక్షణ పోయింది. వారిపై కేసుల కోసం 182వ అధికరణ కింద ప్రత్యేక న్యాయస్థానం వచ్చింది. నేరాభియోగం నమోదైన పాలకుడు విధుల నుంచి తప్పుకోవాలి. తనకు తానే క్షమాభిక్ష పెట్టుకోకూడదు. ఇవన్నీ మంచి మార్పులే. ఏ ప్రజాస్వామ్యంలోనైనా రావాల్సినవే.

అయితే రాజుల పట్ల చూపిన పట్టుదలనే ఆయన న్యాయస్థానాల పట్లా, సొంత పార్టీ పట్లా చూపారు. 1987 ఉమ్నో ఎన్నికలో టెంగ్కూ రజాలీపై 761-718 ఓట్లతో, అంటే 43 ఓట్ల తేడాతో గట్టెక్కారు. ఓడినవారు కోర్టుకెళ్తే, నమోదు కాని శాఖలు ఉన్నాయన్న కారణంతో 1988 ఫిబ్రవరిలో హైకోర్టు ఏకంగా పార్టీనే చట్టవిరుద్ధమని తేల్చింది. మహతీర్ కొత్త ఉమ్నోను నమోదు చేయించి, ప్రత్యర్థులను బయటే ఉంచారు. మార్చిలో 121వ అధికరణ మారింది. న్యాయాధికారం కోర్టులకు దఖలు పడి ఉంటుందన్న మాటే ఎగిరిపోయింది. ప్రధాని విమర్శలపై అగోంగ్‌కూ ఇతర పాలకులకూ లేఖ రాసిన ప్రధాన న్యాయమూర్తి సల్లే అబాస్‌ను ఆగస్టులో పదవి నుంచి తొలగించారు. పదేళ్ల తర్వాత, 1998 సెప్టెంబరు 2న, డాలరుకు 3.80 రింగిట్ల స్థిర మారకం అమల్లోకి వచ్చిన రోజునే ఉపప్రధాని అన్వర్ ఇబ్రహీంను బర్తరఫ్ చేశారు. 2003 అక్టోబరులో ఆయన స్వయంగా తప్పుకునే నాటికి ప్రధానిని నిలదీయగలిగిన వ్యవస్థ దేశంలో దాదాపు ఏదీ లేదు. 43వ అధికరణ మాత్రం అలాగే ఉంది. ఉమ్నో కూటమికి ఎప్పుడూ తిరుగులేని ఆధిక్యం ఉన్నంతకాలం రాజు ‘అంచనా’ లాంఛనమే కదా!

ఆ లాంఛనం 2018తో ముగిసింది. ఉమ్నోను వీడి బెర్సాతు పార్టీ పెట్టిన మహతీర్, తానే జైలుకు పంపిన అన్వర్ వర్గంతో చేతులు కలిపి మే 9 ఎన్నికల్లో స్వాతంత్ర్యం నాటి నుంచి సాగిన ఉమ్నో కూటమి పాలనను కూల్చారు. 92 ఏళ్ల వయసులో మళ్లీ ప్రధాని. కానీ లెక్క చూడండి. 222 స్థానాల సభలో కూటమికి 113, సబాలోని మిత్రపక్షం వారిసాన్‌కు 8. ఇందులో ప్రధాని సొంత పార్టీవి 13 మాత్రమే. బలం పెంచుకోవడానికి ఆయన పట్టిన దారి తెలుగువారు చెప్పకుండానే ఊహించగలరు. ఉమ్నో నుంచి గోడ దూకి వచ్చినవారితో బెర్సాతు 26కు పెరిగింది. ఒప్పందం ప్రకారం అన్వర్‌కు పదవి అప్పగించే తేదీ మాత్రం తేలలేదు.

2020 ఫిబ్రవరి 23న పెటాలింగ్ జయలోని షెరటన్ హోటల్లో పాలక కూటమిలోని కొందరు ఎదుటి పక్షంతో కలిసి మంతనాలు జరిపారు. బెర్సాతు కూటమి నుంచి వైదొలగింది. అన్వర్ పార్టీలో అజ్మిన్ అలీ వర్గానికి చెందిన 11 మంది చీలిపోయారు. ఉమ్నోతో గంపగుత్తగా కలవడం ఇష్టంలేని మహతీర్ 24న రాజీనామా చేశారు. మా అంచనాలో ఆయన చేసిన అతి పెద్ద పొరపాటు ఇదే. విశ్వాసం కోల్పోయిన ప్రధాని రాజీనామా చేయాలి, లేదా సభ రద్దు కోరాలి అని అదే 43వ అధికరణ చెబుతోంది. సభలో ఓడకముందే రాజీనామా పత్రం ఇచ్చేయడంతో రద్దు కోరే అవకాశం పోయింది. లెక్కింపు శాసనసభ నుంచి రాజప్రాసాదానికి మారింది.

అగోంగ్ సుల్తాన్ అబ్దుల్లా రెండు రోజులపాటు ఎంపీలను ఒక్కొక్కరినే పిలిపించి, ఎవరిని బలపరుస్తున్నారో అడిగారు. ఎవరికీ ఆధిక్యం తేలలేదు. మార్చి 2న ప్రత్యేక సమావేశంలో సభే తేలుస్తుందని మహతీర్ ప్రకటిస్తే, అది సభా నియమాలకు అనుగుణంగా లేదని స్పీకర్ తోసిపుచ్చారు. కూటమి ముందు అన్వర్ పేరు చెప్పి, 29న మళ్లీ మహతీర్ వైపు తిరిగింది. అప్పటికే ఆలస్యమైంది. తనకు సరిపడా మద్దతు ఉందని ఆ రాత్రి మహతీర్ జాబితా ప్రకటించినా, మర్నాడు ఉదయం బెర్సాతు అధ్యక్షుడు ముహియుద్దీన్ యాసిన్ ప్రధానిగా ప్రమాణం చేశారు. మార్చి 9న జరగాల్సిన సభ మే 18కి జరిగింది. అదీ ఒక్కరోజు, రాజు ప్రసంగం వరకే.

సంతకాలతో, ముఖాముఖీలతో మెజారిటీ తేల్చడంలో ఉన్న లోపం ఇదే. ఫలానా నేతకు మద్దతంటూ ఎంపీ ఇచ్చే ప్రమాణ పత్రం సంతకం పెట్టిన క్షణం నాటి మాటను మాత్రమే చెబుతుంది. అదే చెయ్యి సాయంత్రానికి మరొకరికి సంతకం పెట్టవచ్చు. సభలో ఓటు బహిరంగం, నమోదవుతుంది, ఓటరుకు జవాబు చెప్పాలి. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసినప్పుడు ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టాల్సి వచ్చిన సంగతి తెలుగు ప్రజలు మరచిపోలేదు. బలం తేల్చాల్సింది రాజ్‌భవన్ కాదు, సభేనని 1994లో బొమ్మై కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మలేసియా ఫెడరల్ కోర్టు దారి వేరు. పెరాక్ రాష్ట్ర వివాదంలో 2010 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పులో, సభలో ఓటింగ్ లేకుండా ఇతర మార్గాల్లోనూ మెజారిటీ తేల్చవచ్చని అంది.

1983లో మహతీర్ వదులుకోవాల్సి వచ్చిన అత్యవసర అధికారమూ ఆ తర్వాత బయటికొచ్చింది. 2020 అక్టోబరులో ముహియుద్దీన్ అడిగితే అగోంగ్ నిరాకరించారు. 2021 జనవరిలో ఒప్పుకొన్నారు. ఆగస్టు 1 దాకా ఎమర్జెన్సీ నడిచింది, నెలల తరబడి పార్లమెంటు మూతపడింది. రాజు ఒక్కోసారి ప్రధానికి అడ్డుకట్ట వేశారు నిజమే. కానీ అది ఆ వ్యక్తి విజ్ఞత మీద ఆధారపడ్డ అడ్డుకట్ట. అయిదేళ్లకోసారి ఆ వ్యక్తి మారతాడు. 2021 ఆగస్టులో ప్రధాని అయిన ఇస్మాయిల్ సబ్రీ విషయంలో విడ్డూరం మరింత ముదిరింది. సభలో విశ్వాస పరీక్ష జరగాలని అగోంగే కోరారు. అది జరిపితే రాజు అధికారాన్ని తక్కువ చేసినట్టవుతుందని అటార్నీ జనరల్ అడ్డుపడ్డారు. పరీక్ష జరగలేదు.

2022 అక్టోబరు 5న అమల్లోకి వచ్చిన 49ఎ అధికరణ ఫిరాయించిన ఎంపీ సీటు ఖాళీ చేయిస్తుంది. పార్టీ బహిష్కరిస్తే మాత్రం సీటు పోదు. పార్టీకి పార్టీయే కూటమి మారితే అసలు వర్తించదు. 2020లో బెర్సాతు చేసింది అదే. ఈ చట్టం అప్పటికే ఉన్నా ముహియుద్దీన్ దారికి పెద్దగా అడ్డయ్యేది కాదు.

అదే ఏడాది నవంబరు 19 ఎన్నికల్లో మహతీర్ లంకావిలో డిపాజిట్ కోల్పోయారు. అక్కడ దానికి కావాల్సింది పోలైన ఓట్లలో ఎనిమిదో వంతు, మన దగ్గరి ఆరో వంతు కన్నా తక్కువే. ఎవరికీ మెజారిటీ రాని ఆ సభకు అన్వర్ ఇబ్రహీం ప్రధాని అయ్యారు. ఈసారీ నియమించింది రాజు అంచనాయే. అయితే అన్వర్ డిసెంబరు 19న సభలో విశ్వాస తీర్మానం పెట్టి మూజువాణి ఓటుతో నెగ్గారు. కొత్త ప్రధాని తొలి సమావేశంలోనే, అదీ పేరుపేరునా ఓటింగ్‌తో, బలం నిరూపించుకోవాలన్న నిబంధన సభా నియమావళిలో చేర్చడం కష్టమేం కాదు. దానికి పాలకుల సమావేశం సమ్మతి అవసరమన్న వాదనకు తావుండదు, ఎందుకంటే రాజు నియామక అధికారం చెక్కుచెదరదు. అన్వర్ స్వచ్ఛందంగా చేసిన పనిని తర్వాతి ప్రధాని చేత తప్పనిసరిగా చేయించాల్సిన బాధ్యత ఇప్పటి పార్లమెంటుదే. సభలో ఆయన కూటమికి అందుకు సరిపడా బలం ఉంది.