ఎల్‌కేజీ గదిలో తెలుగు నేరమైతే ఆ బడి ఎవరిది?

మన క్రైస్తవ పాఠశాలల నర్సరీ గదుల్లో 'దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు' అన్న మాట ఏదో ఒక గోడ మీద, పిల్లలను దగ్గరకు తీసుకుంటున్న యేసు బొమ్మ పక్కన, తరచుగా ఇంగ్లిషులోనే కనిపిస్తుంది. మూడున్నరేళ్ల పిల్లకు అది చదవరాదు. తనకు ఆ గదిలో విలువ ఉందో లేదో ఆ పిల్ల గ్రహించేది, తాను నోరు తెరిచినప్పుడు ఎదుట ఉన్న టీచర్ ముఖం ఎలా మారుతుందో చూసి.

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారాల్లో ఏ ఎల్‌కేజీ గది గుమ్మం దగ్గర నిలబడినా విషయం అర్థమవుతుంది. ప్రేయర్ అయి కూర్చున్న కాసేపటికి ఒక పిల్లాడు లేచి "మిస్, ఒంటేలు" అంటాడు. "ఇంగ్లిష్‌లో అడుగు" అని జవాబు వస్తుంది. వాడు 'మే ఐ' వరకు వచ్చి ఆగిపోతాడు, మళ్లీ మొదలుపెడతాడు, ఈలోగా నిక్కరు తడిసిపోతుంది, పక్క బెంచీ నవ్వుతుంది. చివరికి ఆయమ్మ వచ్చి "ఏం కాదులే నాన్నా, రా" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. ఆ పూట ఆ బిడ్డను మనిషిగా చూసింది బడి మొత్తంలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే ఆమె ఒక్కతే.

పసిపిల్లల గౌరవం గురించి మాట్లాడేవారు సాధారణంగా మెచ్చుకోలు, స్టార్‌లు, వార్షికోత్సవంలో అందరికీ బహుమతుల దగ్గర ఆగిపోతారు. అవన్నీ ఉండవచ్చు. కానీ బిడ్డ ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను గుమ్మం బయటే వదిలి రమ్మని చెప్పాక, ఎన్ని స్టార్‌లు అంటించినా ప్రయోజనం ఉండదు. తెలుగు మాట్లాడితే తప్పు అన్నప్పుడు ఆ వయసు బిడ్డకు వినిపించేది భాషా విధానం కాదు, తన అమ్మ మాట్లాడేదే తప్పు అని. అడ్మిషన్ రోజున ఇంగ్లిషులో అడిగిన ప్రశ్నకు తడబడి తల దించుకున్న తల్లిని ఆ బిడ్డ పక్కనే ఉండి చూసింది కూడా.

ఇంగ్లిషు కోసమే తల్లిదండ్రులు కాన్వెంటుకు పంపుతున్నారన్నది యాజమాన్యాల జవాబు. అది నిజమే. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచిన దళిత కుటుంబాలకు ఇంగ్లిషు ఒక నిచ్చెన అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయడానికి నేను సిద్ధంగా లేను. అయితే ఇంగ్లిషు నేర్పడం వేరు, ఇంగ్లిషు వచ్చేదాకా నోరు మూయించడం వేరు. తల్లిదండ్రులు ఫీజు కట్టింది మొదటిదానికే.

ఇక్కడే ఈ సంస్థలకు సొంత చరిత్ర అడ్డం తిరుగుతుంది. జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ పూనికతో 1746లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చయ్యాయి. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ మొదలుకొని ఆ తరం వారంతా తెలుగువారి ముందు నిలబడేందుకు తామే పిల్లల్లా అక్షరాలు దిద్దుకున్నారు. శిష్యుల మీదకు పరిశుద్ధాత్మ దిగివచ్చిందని బైబిలు చెప్పే పెంతెకొస్తు దినాన గుమిగూడిన జనంలో ప్రతివాడూ తన సొంత భాషలోనే దేవుని మాట విన్నాడని చెప్పే విశ్వాసం వారిది. పెద్దవాళ్లు సముద్రాలు దాటివచ్చి పేదవాడి భాష నేర్చుకున్న చోట, ఇప్పుడు మూడేళ్ల బిడ్డే పెద్దవాళ్ల భాష నేర్చుకుని రావాలట! పిల్లలను తీసుకొచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు యేసు కోపపడింది శిష్యుల మీద. ఆ పిల్లలను ఎత్తుకోవడానికి ముందు ఆయన వారికి ఏ పరీక్షా పెట్టలేదు.

బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు వయసును పునాది దశగా గుర్తించి, ఇంటి భాషకు ప్రాధాన్యం ఇచ్చింది. అయితే 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రమతి తీర్పుతో ఈ క్రైస్తవ బడుల వంటి మైనారిటీ సంస్థలు విద్యాహక్కు చట్టం పరిధి దాటిపోయాయి. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు ధర్మాసనమే 2025లో లేవనెత్తింది. ఆ సంగతి కోర్టులు తేలుస్తాయి. నన్ను పట్టి కుదిపే ప్రశ్న వేరు. మైనారిటీలు సొంత విద్యాసంస్థలు నడుపుకునేందుకు రాజ్యాంగంలోని 30వ అధికరణ ఇచ్చిన రక్షణను ఒక సంస్థ విశ్వాసం పేరిట తీసుకున్నప్పుడు, ఆ సంస్థను కొలవాల్సిన కొలబద్ద కూడా ఆ విశ్వాసమే కావాలి కదా? ఫీజుల్లో, ర్యాంకుల్లో, తెలుగు మాట్లాడితే వేసే జరిమానాల్లో పక్క వీధి కార్పొరేట్ స్కూలుకూ దీనికీ తేడా లేనప్పుడు, సిలువ గుర్తు ఉన్న గేటు ఎవరి హక్కును కాపాడుతున్నట్టు?

డయాసిస్‌ల (బిషప్‌ల పాలనలోని చర్చి ప్రాంతాల) విద్యా బోర్డులు తలచుకుంటే దీనికి ఒక్క సర్క్యులర్ చాలు. మొదటి ఏడాది ఆకలి, దాహం, నొప్పి, భయం, బాత్రూమ్ వంటి అవసరాలను బిడ్డ తన ఇంటి మాటలోనే చెప్పవచ్చని, టీచర్ కూడా ఆ మాటలోనే బదులివ్వాలని అందులో రాయాలి. అడ్మిషన్ సమయంలో తల్లిదండ్రులతో తెలుగులోనే మాట్లాడాలి. లంబాడీ తండాల నుంచి, కోయ గూడేల నుంచి పిల్లలు వచ్చే బడుల్లో వారి భాష వచ్చిన ఆయమ్మను గదిలోనే, టీచర్ పక్కనే కూర్చోబెట్టి, ఆమె చేస్తున్నది బోధనే అని ఒప్పుకుని, అందుకు తగిన జీతం ఇవ్వాలి.